అరంగుళం పానా

జనవరి నుంచి కనబడటం లేదు.
బెంచీ కింద, పెయింటు డబ్బాల వెనక, కోటు జేబుల్లో,
ఆఖరికి కుక్క పడుకునే గోనెపట్టా కింద కూడా వెతికాను.
అది లేదని పని ఆగలేదు. కొత్తది కొనుక్కున్నాను.
కానీ కొత్తదానికి నా బొటనవేలు తెలీదు.

ఈ వేల్స్ తీరాన వాన కురవదు, కాపురముంటుంది,
గరాజు రేకుల మీద, నా మోకాళ్లలో,
ముఖ్యంగా కారు తలుపుల కింది గడపల్లో.
హేడన్ దగ్గర చూసినప్పుడు ఎర్రగా నిగనిగలాడుతోంది.
రెండే సీట్లు, పొడుగు ముక్కు, మడిచే గుడ్డ పైకప్పు.
నాకంటే పదకొండేళ్లు చిన్నది.
స్క్రూడ్రైవర్‌తో గడపని ఒక్కసారి పొడిచాను.
పిడి దాకా దిగింది.
పైన పటారం, లోన లొటారం.
హేడన్ సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడు.
నేను బేరమాడలేదు.
ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

ఇరవై రెండేళ్లు రోలింగు మిల్లులో
నిప్పురంగు రేకులు మైళ్లకి మైళ్లు పరిగెత్తడం చూసినవాణ్ణి,
ఇక్కడ అరచెయ్యంత ముక్క కోసం
ఆదివారమంతా కత్తిరించి, వంచి, అతికి,
కుదరక ఊడబీకి, మళ్లీ కత్తిరించి...
అంత ఉక్కు తీశాం, ఒక్క బెత్తెడూ ఇంటికి రాలేదు.
ఈ ముక్క వంకరదే. నాది.

జంట కార్బురేటర్లు. రెండూ ఒకే ఊపిరి తియ్యాలి.
కొలిచే పరికరాలు అమ్ముతారు, నేను కొనను.
రబ్బరు గొట్టం ఒక కొస దాని నోట్లో,
ఇంకో కొస నా చెవిలో.
కిందటేడు వసంతంలో ఎడమది బలహీనంగా వినబడింది.
మర పావు చుట్టు తిప్పాను. ఇంకో పావు.
ఇంజను దగ్గింది, వణికింది, ఆగిపోయింది.
అప్పుడు తట్టి, గొట్టం కుడి చెవికి మార్చాను.
కార్బురేటర్ నిక్షేపంలా ఉంది.
పోయింది చెవి.

చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే
నవ్వులాటగా చెప్పుకునే మాట అనుకున్నాను ఇన్నాళ్లూ.
శంఖం సంగతి ఎవరూ అడగలేదు.

పక్కింటి లౌరి, పద్నాలుగేళ్లది,
సైకిలుకి గాలి కొట్టమని వచ్చింది.
గొట్టం చేతికిచ్చాను.
"ఎలా ఉంది?"
"బుస కొడుతోంది."
"మరి ఆ రెండోది?"
కాసేపు కళ్లు మూసుకుంది.
"మా మామ్మ టీ ఊదుకుంటున్నట్టు."
"అయితే బుసని టీ దాకా తీసుకురావాలి," అన్నాను.
మధ్యాహ్నం మూడయింది.
సైకిలు సంగతి ఇద్దరం మరిచిపోయాం.

మధ్యలో హేడన్ వచ్చాడు. బానెట్ ఎత్తాడు.
డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూస్తే
పాత పాయింట్ల చోట నేను దాచిన ఎలక్ట్రానిక్ డబ్బీ.
మూత మూసి, "మోసం," అన్నాడు మెల్లిగా.
"మార్పిడి," అన్నాను, "నీ మోకాలి లాగే."
ఆ రోజు టీ తాగకుండానే వెళ్లాడు.
మర్నాడు, తను ఎప్పుడో దాచుకున్న అసలు హారను
పాత తువ్వాల్లో చుట్టి గుమ్మం ముందు పెట్టి పోయాడు.

మే నెల. పైకప్పు మడిచాను.
వాళ్లమ్మ రెండు కోట్లు తొడిగి పంపింది లౌరిని.
కనుమ దారి, ముళ్లకంచెలకి చిక్కుకున్న గొర్రెల ఉన్ని,
రెండో గేరు, మూడో గేరు.
ఇంజను నాకు ఇప్పుడు అరచేతుల్లో వినబడుతుంది,
వెన్నుపూసలో, మడమల్లో.
కాస్త బొంగురుగానే, కానీ కలిసే ఊపిరి తీస్తున్నాయి.

లౌరి నా చొక్కా చెయ్యి లాగింది, కుడి చెవి దగ్గర అరిచింది:
"ఏదో గలగలమంటోంది! నీ సీటు కింద!"
"ఎడమ మలుపుకా, కుడి మలుపుకా?"
"రెంటికీ!"
"ఎలాంటి చప్పుడు?"
కళ్లు మూసుకుంది.
"ఇనుముది. చిన్నది. బాగా అరిగిపోయింది."

కారు ఆపలేదు.
ముందు ఇంకా చాలా మలుపులున్నాయి.